లేదు టీచరు కట్టించిన కిటికీలు

ఒక్క ఇటుక కూడా ముట్టుకోకుండా, ఒక్క ఎర్ర పెన్నుతో ఏడు కిటికీలూ రెండు పూలతోటలూ ఒక మేడా కట్టించిన మనిషి ఈ భూమండలం మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఇంజనీరు కాదు, మేస్త్రీ కాదు. స్కూల్లో పిల్లలకి వ్యాసాలు రాయడం నేర్పే టీచరు. ఆవిడ గొడుగు వీధి మలుపులో కనిపించగానే జనం ఉన్నపళంగా సున్నం బకెట్లు కలుపుకునేవాళ్ళు. కుక్క లేనివాళ్ళు పక్కింటి కుక్కని అరువు తెచ్చుకునేవాళ్ళు. ఆ కుక్క ఒకే సాయంత్రం నాలుగిళ్ళలో నాలుగు పేర్లకి తోకాడించి, తను అసలు ఎవరింటిదో తనే మర్చిపోయింది. నమ్మనివాళ్ళు వెళ్ళి కుక్కనే అడగొచ్చు.

ఆవిడ పేరు స్కూలు హాజరుపట్టీలో ఎక్కడో ఉండే ఉంటుంది. పిల్లలు మాత్రం లేదు టీచరు అంటారు. ఎందుకంటే ఎంత పొడుగు వ్యాసం రాసిచ్చినా ఆవిడ కింద రాసేది రెండు మాటల్లో ఒకటే. ‘చూశాను’, లేకపోతే ‘లేదు’. బాగుంది, బాగులేదు, ఇంకా కృషి చెయ్యాలి లాంటి తీపి మాటలు ఆవిడ పెన్నులోంచి రావు. మార్కులు వేరే కాగితం మీద వేసి ఆఫీసులో పడేస్తుంది, కుండీలో చెత్త పడేసినట్టు. ఇక ‘చూశాను’ అని రాయించుకున్న పిల్లలైతే కాలరెగరేసుకుని తిరిగేవాళ్ళు. వాళ్ళ సంఖ్య పెద్దగా పెరగలేదు గనక కాలర్లు కూడా పెద్దగా చిరగలేదు.

మొదట్లో ఆవిడా అందరు టీచర్లలాగే ఉండేది. తప్పులు దిద్దేది, పక్కన టిక్కు పెట్టేది, ఇంటికెళ్ళి తలనొప్పి మాత్ర వేసుకునేది. ఒకసారి ఎవడో కుర్రాడు తన పెంపుడు కుక్క మీద వ్యాసం రాశాడు. తెల్లటి బొచ్చు, ముత్యాల్లాంటి కళ్ళు, దొంగని పట్టిచ్చిన పరాక్రమం. టీచరుకి కుక్కలంటే ప్రాణం, ఇంట్లో ఆయనకి తుమ్ములు. కనీసం చూసైనా వద్దామని బిస్కెట్ పొట్లం కొనుక్కుని మరీ వాళ్ళింటికి వెళ్ళింది. తలుపు తీసిన తల్లి, కుక్కేంటి టీచరమ్మా అని నోరెళ్ళబెట్టింది. లోపల్నుంచి కుర్రాడు తొంగిచూసి, ఏమాత్రం తడుముకోకుండా, "అది గైడులో కుక్క టీచర్" అన్నాడు.

దారి పొడుగునా బిస్కెట్లు తనే తింటూ ఇంటికొచ్చింది. పొట్లం ఖాళీ అయ్యేసరికి ఆవిడకి లోకం మీద ఒక చులకన పుట్టింది, ఇప్పటికీ తగ్గలేదు. అంటే ఇన్నేళ్ళూ తను లేని కుక్కలకి మార్కులు వేస్తూ వచ్చిందన్నమాట. లేని కుక్కల భాష దిద్దింది. లేని కుక్క తోక దగ్గర కామా పెట్టింది. ఇంతకంటే పనికిమాలిన ఉద్యోగం ఇంకోటుందా అని తనని తనే ఛీకొట్టుకుంది. ఆ మర్నాటి నుంచి వ్యాసాలు సంచిలో పెట్టుకుని, గొడుగు పట్టుకుని, సాయంత్రాలు ఇళ్ళమీద పడటం మొదలుపెట్టింది. పూలతోట అని రాస్తే పూలతోట చూపించాలి. పాడే పిట్ట అని రాస్తే పిట్ట పాడాలి. ఉంటే చూశాను, లేకపోతే లేదు.

పిల్లలు బద్ధకస్తులని లోకం అనుకుంటుంది గానీ, ఆవిడ లెక్కలో బద్ధకస్తుడే నయం. వాడు ఖాళీ కాగితం ఇస్తాడు. ఖాళీ కాగితంలో అబద్ధం ఉండదు. మిగతావాళ్ళు చెయ్యి నొప్పెట్టేలా, స్కేలు పెట్టి మార్జిన్ కొట్టి, గుండ్రటి అక్షరాలతో, లేనిది రాస్తారు. ప్రతి ఇంటిముందూ పూలతోటే. ప్రతి అమ్మా ఓర్పుకి మారుపేరే. ప్రతి తాతా పొద్దున్నే లేచి వ్యాయామం చేసేవాడే. క్లాసులో ఉన్న పిల్లలందరి తాతలూ నిజంగా అంత వ్యాయామం చేస్తే ఆ వీధి నేల ఎప్పుడో కుంగిపోయి ఉండేదని ఆవిడ స్టాఫ్ రూములో అంటే, లెక్కల మాస్టారు టీ మింగలేక పొలమారి, చొక్కా మార్చుకోడానికి ఇంటికెళ్ళాల్సొచ్చింది.

ఇంతకీ ఆ గైడు రాసింది వేరే ఎవరో కాదు, ఆవిడ సొంత మరిది. ఇంట్లో ఆయనకి తమ్ముడు. సాయంత్రం ట్యూషన్లు చెప్పుకునే మనిషి, చేతికి రెండు ఉంగరాలు, మాటకి రెండు విశేషణాలు. ఆయన గైడులో ప్రతి విషయానికీ ఒక వ్యాసం తయారుగా ఉంటుంది. ఇల్లు, బడి, అమ్మ, వాన, నీతి, నిజాయితీ. నిజాయితీ మీద వ్యాసం కూడా పిల్లలు ఆ గైడులోంచే దించేవాళ్ళు. మరిది ఎప్పుడు ఇంటికొచ్చినా కొత్త ముద్రణ ఒకటి తెచ్చి వదిన చేతిలో పెట్టేవాడు. ఆవిడ దాన్ని కాలు ఊగే కుర్చీ కింద పెట్టేది. కుర్చీ ఊగడం మానేసింది గనక ఆ గైడు వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే ఆ కుర్చీకే.

"వదినా, మీరు పిల్లల్ని ఏడిపిస్తున్నారు" అనేవాడు మరిది. "వ్యాసం అంటే అందంగా ఉండాలి. ఇంటికెళ్ళి కొలతలు తీసుకుంటారా ఎవరైనా?"

"నువ్వు రాసిన ఇంట్లో ఒక్క వారం అద్దెకుండి చూపించు మరిదిగారూ" అనేది ఆవిడ. "ఆ తర్వాత మాట్లాడదాం."

ఇంట్లో ఆయన పేపరు వెనక నవ్వుకునేవాడు. కరెంటు ఆఫీసులో మీటరు రీడింగు తీసి రిటైరైన మనిషి. నేనూ జీవితమంతా ఇల్లిల్లూ తిరిగి ఉన్నదున్నట్టే రాశాను, నాకు ఒక్కరూ భయపడలేదేంటి అని ఆయన బాధ. మీరు రాసింది బిల్లు, నేను రాసేది పరువు అని ఆవిడ జవాబు.

ఈ పరువు దగ్గరే వచ్చింది తంటా అంతా. ఒక కుర్రాడి తాత వ్యాయామం సంగతి ‘లేదు’ అని తేలాక, ఆ ఇంటివాళ్ళు వ్యాసం మార్చుకోలేదు, తాతని మార్చారు. పెద్దాయన్ని పొద్దున్నే డాబా ఎక్కించి, చేతులు పైకీ కిందికీ ఆడించమని పట్టుబట్టారు. కబురు పంపితే టీచరు వెళ్ళి చూసింది. పెద్దాయన చేతులాడిస్తూనే గొంతు తగ్గించి, "మీరు తొందరగా వెళ్ళిపోతే నేను కూర్చుంటానమ్మా, మోకాళ్ళు లాగేస్తున్నాయి" అన్నాడు. ఆవిడ అక్కడే డాబా మీద నిలబడి కాగితం తీసి మళ్ళీ ‘లేదు’ అని రాసింది. తాత బతికిపోయాడు. ఆ ఇంటివాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆవిడ ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి పోతారు. ఉన్న ఒక్క ముక్క మార్చి రాయమంటే చేతకాదు గానీ, దానికోసం ఒక ముసలాయన్ని విరగ్గొట్టడానికి సిద్ధపడే జనం వీళ్ళు. వీళ్ళకి రాయడం ఎవరు నేర్పగలరని ఆవిడ మెట్లు దిగుతూ అనుకుంది. దిగి, సంచిలోంచి తర్వాతి వ్యాసం తీసింది.

ఆ తర్వాతి వ్యాసమే వెల్డింగ్ అతని కూతురిది.

స్కూలు వెనక ఒక వరుసలో ఇళ్ళుంటాయి. ఇళ్ళంటే ఒక గది, దాని వెనక ఇంకో అరగది, ముందు తలుపు, అంతే. ఆ వరుస మొత్తం స్కూలు ఓనరుదే. స్కూల్లో పిల్లలకి ఎంత గాలి ఇవ్వాలో, ఇళ్ళలో వాళ్ళ అమ్మానాన్నలకి ఎంత గాలి ఇవ్వాలో రెండూ ఆయనే నిర్ణయించాడు, రెండుచోట్లా ఒకేలా నిర్ణయించాడు. వెల్డింగ్ అతను అందులో చివరి ఇంట్లో ఉంటాడు. కొట్టు బజార్లో. ఊళ్ళో సగం కిటికీల ఊచలు అతని చేతుల మీదుగా వెళ్ళినవే. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, అందుకని కోపిష్టి అనుకుంటారు. కోపిష్టే, కానీ కళ్ళవల్ల కాదు.

కూతురు రాసింది ఏమిటంటే, మా ఇంటికి తూర్పు దిక్కున పెద్ద కిటికీ కలదు, ఉదయాన్నే లేలేత సూర్యకిరణాలు నా మంచం మీద పడి నన్ను మేలుకొలుపును, అని. టీచరు వెళ్ళి చూసింది. కిటికీ లేదు. తూర్పు గోడ ఉంది, దాని మీద క్యాలెండరు ఉంది. మంచం కూడా లేదు. ఆవిడ మూడుచోట్ల ‘లేదు’ రాసి, ఎందుకిలా రాశావని అడిగింది. పిల్ల తల వంచుకుని, "ఉన్నది రాస్తే వ్యాసం అవ్వదు టీచర్" అంది.

ఈ ఒక్క మాట మాత్రం ఆవిడకి ఇంటిదాకా వెంటొచ్చింది. కుక్క కుర్రాడి మాటకి చులకన పుట్టింది, దీనికి పుట్టలేదు. వీళ్ళకి అబద్ధం రాయడం సరదా కాదు, ఉన్నదాన్ని చూసి సిగ్గు. గైడు ఆ సిగ్గు మీదే అమ్ముడుపోతుంది. ఆ మాట మరిదికి చెప్తే, వాడు దాన్ని కూడా గైడులో పెట్టేస్తాడని మానేసింది.

సాయంత్రం వెల్డింగ్ అతను ఇంటికొచ్చి కూతురి కాగితం చూశాడు. లేదు, లేదు, లేదు అని ఎర్ర సిరాతో మూడుసార్లు. ఊరందరికీ కిటికీలు చేసేవాడి ఇంట్లో కిటికీ లేదని రాతపూర్వకంగా రాసిచ్చారా అని అతనికి ఒళ్ళు మండిపోయింది. భార్య సముదాయించింది. వ్యాసం మార్చి రాయిద్దాం, పోనీ అంది. అతను ఒప్పుకోలేదు. ఇచ్చిన వ్యాసం ఇచ్చినట్టే ఉండాలి, ఇచ్చాక మార్చుకోడానికి అదేమైనా చొక్కానా అన్నాడు. ఆదివారం నాడు పొద్దున్నే సుత్తీ ఉలీ పట్టుకుని తూర్పు గోడ పగలగొట్టాడు. చుట్టుపక్కల ఇళ్ళలో గిన్నెలు కింద పడ్డాయి. పక్క వీధిలో ఒకాయన భూకంపమనుకుని, పెట్టెలో బట్టలన్నీ ఒంటిమీదే వేసుకుని బయటికి పరిగెత్తాడు. మధ్యాహ్నానికి కొట్లో మిగిలిన ఊచలతో చేసిన కిటికీ తెచ్చి బిగించాడు. రెక్కలు తెరిస్తే ఎదురుగా పక్కింటి గోడ. మధ్యలో ఒక చెయ్యి పట్టేంత సందు. సూర్యుడు సన్నబడి దూరాలన్నా దూరలేడు.

అయినా సోమవారం అతను స్కూలు గేటు దగ్గర నిలబడి, టీచరు రాగానే, "మేడమ్, ఇప్పుడొచ్చి చూడండి" అన్నాడు.

ఆవిడ కంటే ముందు ఓనరు వెళ్ళి చూశాడు.

ఓనరుది ఇసుకా కంకరా తోలే వ్యాపారం. స్కూలు ఆయనకి ఆ వ్యాపారంలో ఒక భాగం. లారీలు నిలబెట్టుకోడానికి స్థలం కావాలి, స్థలానికి గోడ కావాలి, గోడకి బోర్డు ఉంటే మర్యాద అని స్కూలు పెట్టాడని చెప్పుకుంటారు. తన గోడకి చిల్లు పడిందని చూడగానే ఆయన ఒంటికాలి మీద లేచాడు. అద్దెకున్నవాడిని దులిపితే వాడు వేలు టీచరు వైపు చూపించాడు. ఆయన టీచర్ని ఆఫీసులోకి పిలిపించాడు. అప్పటికే అక్కడ మరిది, ఓనరుకి ఏవో కాగితాలు రాసిపెట్టడానికి వచ్చి, కూర్చుని ఉన్నాడు, ఉంగరాలు తిప్పుకుంటూ.

ఓనరు చెప్పింది క్లుప్తంగా ఇది. మీవల్ల గోడలు పడుతున్నాయి. ఈ ఇళ్ళు తిరగడం ఇవాళ్టితో ఆపాలి. క్షమాపణ రాసి సంతకం పెడితే వ్యాసాల క్లాసు మీదే ఉంటుంది. లేదంటే క్లాసు మీ మరిదిగారికి ఇస్తాను, మీరు రిటైరయ్యేదాకా సామాన్ల గదిలో కూర్చుని సుద్దముక్కలు పంచండి. ఆలోచించుకుని రేపు రండి.

క్షమాపణ రాసే శ్రమ కూడా ఆవిడకి లేకుండా మరిదే తయారుచేశాడు. గైడులో క్షమాపణ పత్రం నమూనా ఒకటి ఉంది, అందులో పేరు మార్చాడంతే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. అది ఎప్పుడూ జరగని పని. సంతకం పెట్టెయ్, ఒక్క కాగితం, ఎవడు చదువుతాడు అన్నాడు. పిల్లల్ని ఇన్ని తిట్లు తిడుతుంది గానీ, వాళ్ళ కాగితాలు లేని సాయంత్రం ఎలా ఉంటుందో ఆవిడ సెలవుల్లో చూసింది. గొడుగు మూల నిలబడి ఉంటుంది, సంచి కొయ్యకి వేలాడుతూ ఉంటుంది, ఆవిడ గదిలో ఇటూ అటూ తిరుగుతూ ఇంట్లో ఆయన పక్కన ఉన్న పేపర్లో అచ్చుతప్పులు దిద్దుతుంది. ఇంక రెండేళ్ళు మాత్రమే ఉన్న ఉద్యోగంలో ఆ క్లాసు తప్ప ఆవిడ పట్టుకున్నది ఇంకేమీ లేదు.

"పెట్టేస్తానండీ" అంది. "వాడు రాసింది నేను చదవను. చదవకుండా పెట్టేస్తాను."

నిజంగానే అలా పెట్టెయ్యాలనే మర్నాడు ఆఫీసుకి వెళ్ళింది. ఓనరు కాగితం ముందుకి తోశాడు. మరిది పెన్ను ఇవ్వబోతే, నాది నాకుందని సంచిలోంచి తీసింది. అక్కడే పప్పులో కాలేసింది. సంచిలో ఉండేది ఎర్ర పెన్ను ఒక్కటే. ఎర్ర పెన్ను చేతిలోకి రాగానే కళ్ళు వాటంతటవే కాగితం పైవరస మీద పడ్డాయి.

గౌరవనీయులు, విశాల హృదయులు అయిన యజమానిగారికి. ఆవిడ ఓనరు మొహంలోకి ఒకసారి చూసి, విశాల హృదయం కింద గీత గీసి ‘లేదు’ అని రాసింది. తమ అద్దె ఇంటి గోడ పగిలినది. దాని పక్కన ‘చూశాను’. ఇందుకు నేను హృదయపూర్వకంగా చింతిస్తున్నాను. ఇక్కడ పెన్ను ఆగింది. ఆవిడ నిజంగా ఆలోచించింది. లోపల వెతికింది, పిల్లల ఇళ్ళలో పూలతోట కోసం వెతికినట్టే, మూలమూలా. పిల్ల సిగ్గు గురించి చింత ఉంది. గోడ గురించి రవ్వంత కూడా లేదు. ‘లేదు’ అని రాసి, కాగితం మరిది వైపు జరిపింది.

"ఏంటి వదినా ఇది" అన్నాడు మరిది, మొహం మాడ్చుకుని.

"దిద్దాను. మళ్ళీ రాసుకుని రా."

ఓనరుకి కాసేపు ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడకి సామాన్ల గది తాళం ఇచ్చాడు.

సామాన్ల గదిలో విరిగిన బెంచీలు, డస్టర్లు, సుద్దపెట్టెలు, రంగు వెలిసిన భూగోళం ఒకటి ఉంటాయి. ఒక స్టూలు మీద కూర్చుని ఆవిడ సుద్దముక్కలు పంచింది. పిల్లలు వచ్చి వరసగా నిలబడితే, మీ క్లాసులో ఎంతమంది ఉన్నారు అని అడిగి, వాళ్ళు చెప్పింది నమ్మక, వెళ్ళి చూసొచ్చి ఇచ్చేది. నాలుగైదు రోజులకే మాస్టార్లందరూ సుద్ద కొనుక్కుని జేబులో తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

అక్కడికే వచ్చింది వెల్డింగ్ అతని కూతురు. సుద్ద అడగలేదు. మడిచిన కాగితం ఒకటి స్టూలు మీద పెట్టి, ఎవరూ రాయమనలేదు టీచర్, అని వెళ్ళిపోయింది. అందులో ఇలా ఉంది. మా ఇంట్లో కిటికీ ఉంది. తెరిస్తే గోడ. మధ్యలో నా చెయ్యి పడుతుంది. ఆ గోడ మీద అరచెయ్యి పెడితే పొద్దున చల్లగా ఉంటుంది, సాయంత్రం వెచ్చగా ఉంటుంది. ఎండ అవతల పక్క నుంచి వచ్చిందని నాకు అలా తెలుస్తుంది. నాన్న అడిగితే ఎండ వస్తోందనే చెప్తాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచింది. అద్దాల మీద సుద్దపొడి, అంతే. సాయంత్రం బడి వదలగానే గొడుగు కూడా మర్చిపోయి స్కూలు వెనక్కి వెళ్ళింది. వెల్డింగ్ అతని భార్య తలుపు తీసి, మళ్ళీ ఏం లేదని రాస్తారో అన్నట్టు బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆవిడ తిన్నగా కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి, పక్కింటి గోడ మీద అరచెయ్యి ఆనించింది. అలాగే చాలాసేపు నిలబడింది. గోడ వెచ్చగా ఉంది. తర్వాత కాగితం తీసి ‘చూశాను’ అని రాసి పిల్ల చేతికిచ్చింది. గుమ్మం దాటుతూ మాత్రం, చివరి వాక్యం మీ నాన్నకి చూపించకు అంది.

ఇక మరిదిగారి క్లాసు సంగతి.

ట్యూషన్లు సర్దుకుని వారం తర్వాత క్లాసు మొదలుపెట్టిన మొదటిరోజే ఆయన ఇస్త్రీ మడత చెదరకుండా వచ్చి, బల్ల మీద గైడు తెరిచి పెట్టుకుని, మా బడి అనే వ్యాసం చెప్తాను, రాసుకోండి అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మా బడి ముందు విశాలమైన ఆటస్థలము కలదు."

పిల్లలు పెన్నులు కింద పెట్టి లేచి నిలబడ్డారు. గొడవ చేద్దామని కాదు. పాపం వాళ్ళకి అంత తెలివే ఉంటే ఇన్నేళ్ళూ గైడులో కుక్కల్ని ఎందుకు పెంచుతారు. ‘లేదు’లు తినీ తినీ అలవాటైపోయిందంతే. ఒక వాక్యం వినపడిందంటే లేచి వెళ్ళి చూడాలి, చూశాక గానీ రాయకూడదు. రాయడమంటే వాళ్ళకి తెలిసిన పద్ధతి అదొక్కటే. ముందు బెంచీ కదిలింది, వెనక బెంచీ దాని వెనకే వెళ్ళింది. మరిది కూర్చోండి కూర్చోండి అంటుండగానే గది ఖాళీ అయిపోయింది. సుద్దముక్క పట్టుకుని ఆయనొక్కడే మిగిలాడు, ఆయన ముందు ఆయన గైడు.

క్లాసు క్లాసంతా గేటు లోపల నిలబడి ఆటస్థలం కోసం చూసింది. ఎదురుగా ఓనరు లారీలు, వాటి పక్కన ఇసుక గుట్ట, దాని మీద నిద్రపోతున్న డ్రైవరు. పిల్లలు లారీల కింద వంగి కూడా చూశారు, ఆటస్థలం అక్కడెక్కడైనా ఉందేమోనని. ఒకడు డ్రైవర్ని లేపి, అన్నా ఇక్కడ ఆటస్థలం చూశావా అని వినయంగా అడిగాడు. సరిగ్గా అప్పుడే కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు కొందరు చేతుల్లో స్కూలు కరపత్రాలు పట్టుకుని లోపలికి వస్తున్నారు. కరపత్రం రాసిందీ మరిదే. అందులో మొదటి వాక్యం అదే వాక్యం. ఏం వెతుకుతున్నారు బాబూ అని వాళ్ళు అడిగారు. పిల్లలు చెప్పారు. వాళ్ళూ కరపత్రం చూసుకుని, చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని, పిల్లలతో కలిసి చూడటం మొదలుపెట్టారు.

ఓనరు ఆఫీసు కిటికీలోంచి ఇదంతా చూసి పరిగెత్తుకొచ్చాడు. పిల్లల్ని ఏమీ అనలేడు, ఎదురుగా చేర్పించేవాళ్ళున్నారు. మరిదిని అనగలడు, అన్నాడు. తర్వాత సామాన్ల గదికి వెళ్ళి స్టూలు ముందు నిలబడ్డాడు. లోపల ఇంకో కుర్చీ లేదు, ఆవిడ లేచి ఇవ్వలేదు.

"ఏం మందు పెట్టారండీ వాళ్ళకి" అన్నాడు.

ఆవిడ సుద్దలు సర్దుకుంటూ ఉంది. ఓనరు, క్లాసు మీరే తీసుకోండి, కానీ ఒక్క షరతు అన్నాడు. ఇళ్ళకి వెళ్ళకూడదు. పిల్లలు ఏం రాసినా, మీరు ఏం చూసినా, అంతా ఈ గేటు లోపలే. గేటు దాటారంటే మళ్ళీ ఈ గదే.

"గేటు లోపల ఏది చూసినా ఫరవాలేదా" అంది ఆవిడ.

నిక్షేపంగా చూసుకోండి అన్నాడు ఓనరు. మాట నోట్లోంచి వచ్చేశాక, ఎక్కడో ఏదో కీలు ఊడిందని ఆయనకి అనుమానం వచ్చింది గానీ ఎక్కడో తెలియలేదు.

తెలిసింది మర్నాడే. ఆవిడ క్లాసులోకి వెళ్ళి, బోర్డు మీద మా బడి అని రాసి, కాగితాలు పట్టుకుని బయటికి పదండి, గేటు లోపల ఏముందో చూసి ఉన్నదే రాయండి అంది. వారం తిరక్కుండా లారీలు ఇంకో చోటికి పోయాయి. ఇసుక గుట్ట మాత్రం ఉంది. దాని మీద పిల్లలు ఆడుకుంటున్నారు గనక అది ఆటస్థలమే అని ఓనరు వాదన. ఆవిడ ఇంకా ‘చూశాను’ రాయలేదు. వెల్డింగ్ అతని ఇంటి కిటికీని ఓనరు మూయించలేదు. కిటికీ ఉన్న ఇల్లని అద్దె పెంచాడు. మరిది గైడుకి కొత్త ముద్రణ వేశాడు, అందులో కిటికీ మీద ఒక వ్యాసం చేర్చాడు. లేలేత కిరణాలు అలాగే ఉన్నాయి. ఆవిడ ఇంట్లో ఇంకో కుర్చీ ఊగడం మొదలుపెట్టింది గనక ఆ ముద్రణ కూడా వృథా పోలేదు.

ఈ కథంతా రాసినవాళ్ళు, ఏడు కిటికీల దగ్గర్నుంచి ఇసుక గుట్ట దాకా, టీచరుకి చదివి వినిపించారు. కుక్క తన ఇల్లు మర్చిపోయిన చోట గానీ, పక్క వీధాయన బట్టలన్నీ వేసుకున్న చోట గానీ ఆవిడ మొహంలో ఒక్క నరం కదల్లేదు. అంతా అయ్యాక కాగితాలు అడిగి తీసుకుంది. సంచిలోంచి పెన్ను తీసింది. మొదటి వరస దగ్గరే ఆగిపోయింది.

"ఏడు లేవు. ఒక్కటే ఉంది. అది కూడా నేను కట్టించలేదు, ఆ పిల్ల నాన్న కట్టాడు. మేడ ఎక్కడుంది?"